నాణెం అడగని ఆట

వీడియో గేములు ధర్మసమ్మతమేనా అని అడిగేవారు సాధారణంగా అందులోని బొమ్మల గురించి, సంగీతం గురించి అడుగుతారు. మనం మరో ప్రశ్న కూడా వేసుకోవాలి: ఆ ఆట మన నుంచి ఏం తీసుకుంటోంది?

1978లో జపాన్‌కు చెందిన టైటో కంపెనీ 'స్పేస్ ఇన్వేడర్స్' ఆటను తెచ్చింది. అమెరికా గేమ్ పార్లర్లలో దాన్ని ఆడాలంటే యంత్రంలో 25 సెంట్ల నాణెం వేయాలి. ఓడితే మరో నాణెం. జేబు ఖాళీ అయితే పిల్లవాడు ఇంటిదారి పట్టక తప్పదు. 1980లో అటారీ కంపెనీ అదే ఆటను ఇంట్లో టీవీకి తగిలించే యంత్రంలోకి తెచ్చింది. ఒకసారి కొంటే చాలు, ఇక ప్రతి ఆటకూ నాణెం అక్కర్లేదు. 'ఇక చాలు' అని గుర్తుచేసేదీ లేదు.

నాణెం పోయింది గాని, వెల పోలేదు. డబ్బుకు బదులు ఆయుష్షు చెల్లిస్తున్నాం. నేటి సెల్‌ఫోన్ ఆటలూ అంతే. ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. పోయిన రూపాయిని మళ్లీ సంపాదించవచ్చు. ఆటలో గడచిపోయిన అస్ర్ వేళను ఎవరు తిరిగి తేగలరు?

ధర్మం వినోదాన్ని కాదనలేదు, హద్దు పాటించమంది. ఆ హద్దును విశ్వాసి ఇంటికి అజాన్ రోజుకు ఐదుసార్లు గుర్తుచేస్తుంది. అది వినగానే ముందు తండ్రి తన ఫోన్ పక్కన పెట్టాలి. అప్పుడే బిడ్డ తన ఆట ఆపడం నేర్చుకుంటాడు.

కాలం మన సొత్తు కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దాని లెక్క చెప్పగలిగే భాగ్యాన్ని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.