రెండు పావురపు పిల్లలు

మా సండే స్కూలు పిల్లలతో పదహారేళ్లుగా క్రిస్మస్ నాటిక వేయిస్తున్నాను. వెదురు కర్రల పాక, అట్టముక్క నక్షత్రం, తువ్వాల్లో చుట్టిన బొమ్మ. జ్ఞానులు మోకరించగానే తెర దించేస్తాం. లూకా సువార్తలో మాత్రం కథ పాక దగ్గర ఆగదు. ఎనిమిదో రోజున బిడ్డకు సున్నతి చేసి పేరు పెడతారు. మనం యేసు అని పిలిచే ఆ పేరు వాళ్లింట్లో యేషువ. ‘రక్షించడం’ అనే హీబ్రూ మాటలోంచి వచ్చింది. మరియ అన్నా మిర్యామే, మోషే అక్క పేరు.

ఆ తర్వాత శుద్ధి దినాలు. లేవీయకాండం 12వ అధ్యాయం ప్రకారం మగబిడ్డ పుడితే 7 రోజులు, ఆపైన 33. అవి తీరాక తల్లి ఒక గొర్రెపిల్లనూ ఒక పక్షినీ తేవాలి. అంత స్తోమత లేకపోతే రెండు గువ్వలో, రెండు పావురపు పిల్లలో చాలు. లూకా చెప్పింది పక్షుల సంగతే.

ఏళ్ల తరబడి చదివినా ఆ మాట నా మనసుకు తగల్లేదు. నా పెద్దకొడుకును మొదటిసారి గుడికి తీసుకెళ్లిన ఆదివారం, కృతజ్ఞతార్పణకని మా అమ్మ ఓ కోడిపెట్ట కాళ్లు కట్టి సంచిలో పెట్టింది. ఆటోలో దారి పొడుగునా అది నా మోకాలికి వెచ్చగా తగులుతూనే ఉంది. అప్పుడు కనబడింది మరియ. ఒడిలో బిడ్డ, పక్కన యోసేపు చేతిలో పావురాలు. గొర్రెపిల్లను కొనలేని ఇల్లు, అయినా ధర్మశాస్త్రం తప్పని యూదుల ఇల్లు. లూకా సువార్తలో మరియ పాడిన పాటలో కూడా సమూయేలు తల్లి హన్నా పాట వినిపిస్తుంది. చిన్నప్పటి నుంచి విన్న లేఖనాలే కష్టకాలంలో నోటికొచ్చాయి.

మరి మా నాటికలో యూదుడిలా కనిపించేదెవరు? దూది గడ్డం, చారల శాలువాతో తలుపు మూసేసే సత్రం యజమాని. లూకాలో అలాంటి మనిషే లేడు. సత్రంలో చోటు లేదని లూకా రాశాడంతే. మేం కల్పించినవాణ్ణి యూదుణ్ణి చేసి, నిజంగా యూదులైన తల్లీబిడ్డలకు ఆ గుర్తే లేకుండా చేశాం. శుభ శుక్రవారం ప్రసంగాల్లో ‘యూదులు చంపారు’ అని విన్న పిల్లలకు ఇది ఇంకో పాఠం అయింది. యేసు మరణానికి యూదులందరినీ దోషులనకూడదని 1965లో రెండో వాటికన్ మహాసభ స్పష్టంగా చెప్పింది. మా సంఘం కథోలిక సంఘం కాకపోయినా ఆ మాట మాకూ కావాలి.

యేసు లోకానికంతటికీ రక్షకుడని నమ్ముతాను. కానీ ఆ రక్షకుణ్ణి కని, పేరు పెట్టి, ప్రార్థన నేర్పిన ఇంటిని తిట్టుకుంటూ ఆయన్ని ఎత్తుకోలేను.

ఈసారి సత్రం యజమాని పాత్ర తీసేశాను. ఆ గడ్డం, ఆ శాలువా యోసేపుకు వేశాను. జ్ఞానుల కంటే ముందు ఇంకో రంగం చేర్చాను: దేవాలయంలో ముసలి సుమెయోను బిడ్డను అందుకుంటాడు, పక్కన యోసేపు రెండు అట్ట పావురాలు పట్టుకుని నిలబడతాడు.