వేసవి చదువు: సాయమా, బాకీయా?

ఎండాకాలం వచ్చిందంటే మన గూడేల్లో, తండాల్లో తీరిక ఉండదు. ఇప్పపువ్వు ఏరాలి, మిరపకాయ తెంపాలి, మే నెలలో తునికాకు కోసి కట్టలు కట్టాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటర్ అయిపోయిన పిల్లలకు ఎప్‌సెట్, సీయూఈటీ లాంటి ప్రవేశ పరీక్షలు వస్తాయి. వాటి కోసం పట్నాల్లో వేసవి శిబిరాలు మొదలవుతాయి. బిడ్డను శిబిరానికి పంపే తల్లిదండ్రులు ఆ సీజన్‌లో ఆమె తెచ్చే కూలిని వదులుకుంటున్నారు. అంత ఖర్చు పెట్టుకుని ఆమె నేర్చుకునే ఆ చదువు ఎవరో చేస్తున్న సాయమా, లేక ఆమెకు రావలసిన బాకీయా? శిబిరంలో ఎవరిని కూర్చోబెట్టాలి, ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నవన్నీ ఈ ప్రశ్నకు మనం ఇచ్చే జవాబు మీదే ఆధారపడి ఉన్నాయని మేము అనుకుంటున్నాం.

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ మనవాళ్లకు కొత్త కాదు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి మిర్చి, పత్తి అక్కడికే పోతాయి. అక్కడ జెండా పాట అని ఒకటుంది. ఆ రోజు మేలురకం సరుకుకు పలికిన ఎక్కువ ధర అది. మర్నాడు పేపర్లో వచ్చేది ఆ ధరే. అది అందేది మాత్రం కొందరికే. మిగతా బస్తాలు రంగు చూసి, తేమ చూసి, తాలు చూసి తక్కువకు పోతాయి. బోరు ఎండిపోయిందా, తెగులు వచ్చిందా అని అక్కడ ఎవరూ అడగరు. ప్రవేశ పరీక్ష కూడా అంతే. ఆ మూడు గంటల్లో వచ్చిన మార్కులే చూస్తుంది. ఆ మార్కుల వెనక ఎన్ని నీళ్లు పారాయో చూడదు. శిబిరాలు అచ్చేసే ర్యాంకుల పోస్టర్లు కూడా జెండా పాటలాంటివే. పైన ఉన్న ఒక్క పేరు చూపించి అందరికీ అదే ధర పలికినట్టు చెబుతాయి.

అదే వరంగల్‌లో 1959లో ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన ఎన్ఐటీ ఉంది. 1976లో పెట్టిన కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. మార్కెట్ నుంచి వాటికి ఆటోలో పోవచ్చు. మిర్చి బస్తాతో మార్కెట్‌కు వచ్చిన రైతు బిడ్డకు మాత్రం ఆ దారి చాలా దూరం.

ఆ దూరం పిల్లల బుర్రలో లేదు. మన బిడ్డ ఇంట్లో కోయ, గోండి, లంబాడి మాట్లాడుతుంది. బడిలో తెలుగు నేర్చుకుంటుంది. కాలేజీకి పోయాక పాఠమంతా ఇంగ్లీషులో ఉంటుంది. సీయూఈటీని 13 భాషల్లో రాయవచ్చు. అందులో తెలుగు ఉంది, మన ఇంటి భాష ఒక్కటీ లేదు. లెక్కల సారు లేకుండానే ఏడాది దాటిన పిల్లలు మనకందరికీ తెలుసు. పదేళ్లలో అందాల్సింది అందక కుప్పపడిన వెనకబాటును రెండు నెలల్లో పూడ్చడానికే ఈ శిబిరం. అలాంటప్పుడు దాన్ని దయ అనడం ఎలా కుదురుతుంది? బాకీ తీర్చేవాడు అప్పిచ్చినవాడి చేత దండం పెట్టించుకోడు.

ఈ మాట మేమే కొత్తగా అంటున్నది కాదు. కటాఫ్ అందుకోలేని కొందరు ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఐఐటీలు ఒక ఏడాది ప్రిపరేటరీ కోర్సు నడుపుతాయి. విద్యార్థిని సిద్ధం చేయడం సంస్థ పని కూడా అని ఒప్పుకోవడమే అది. 1964 వేసవిలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతి పిల్లల కోసం ఫ్రీడమ్ స్కూళ్లు నడిచాయి. అక్కడ చదవడం, రాయడంతో పాటు మన బడి ఎందుకిలా ఉంది, తెల్లవాళ్ల బడి ఎందుకలా ఉంది అని అడగడం కూడా పాఠమే. ఆ ప్రశ్న నేర్చిన పిల్ల తనను తాను తక్కువగా చూసుకోదు.

ఇక్కడ ఒక ఎదురు మాట వస్తుంది. 'పరీక్ష ముంగిట్లో ఉంది. సమయం తక్కువ. చురుకైన పదిమందిని ఏరి వాళ్లకే చెబితే కనీసం పది సీట్లు వస్తాయి కదా?' ఈ మాటను కొట్టిపారేయలేం. మార్కులు లేకుండా సీటు రాదు. ఊళ్లో ఒక్క పిల్లకు సీటొస్తే వెనకున్న వాళ్లకు దారి కనిపిస్తుంది. కానీ ఏరివేత పరీక్ష పెడితే ముందే నీళ్లందిన మొక్కలే దొరుకుతాయి. మిగిలిన వాళ్ల బాకీ అట్లనే ఉండిపోతుంది. కేంద్ర సంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. తెలంగాణలో 2022లో 10 శాతానికి పెరిగింది. చట్టం ఇచ్చిన సీటు దాకా ఎక్కువమందిని చేర్చాలి. చేరినవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే సంచి సర్దుకుని ఇంటికి రాకుండా నిలబెట్టాలి. శిబిరం బాగా నడిచిందా అన్నది వెనక బెంచీని అడిగి తెలుసుకోవాలి.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు కొన్ని మాటలు. పాఠం మన పిల్లలకు తెలిసిన చోట మొదలుపెట్టండి. తునికాకు 50 ఆకులకు ఒక కట్ట, 1000 కట్టలకు ఒక స్టాండర్డ్ బ్యాగు. కల్లేదారు రాసిన లెక్క సరిచూసే పిల్లకు నిష్పత్తి ముందే వచ్చు. దాని పేరే రాదు. ఆ పేరు చెప్పడమే మీ పని. అర్థం కానప్పుడు ఇంటి భాషలో అడగనివ్వండి. ప్రశ్నను రెండుసార్లు చదివి అది ఏమడుగుతోందో సొంత మాటల్లో చెప్పించండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, వెబ్ ఆప్షన్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తు కూడా పాఠాలే అనుకోండి. ర్యాంకు వచ్చాక కూడా ఒక్క కాగితం లేక సీటు పోవచ్చు. ఇక శిబిరం నడిపేవాళ్లు తిండి, బస ఇచ్చి ఊరుకోకుండా పోయిన కూలి సంగతి కూడా ఆలోచించాలి. బాకీ తీరుస్తూ బాకీదారు ఇంటి మీద కొత్త భారం వేయకూడదు.

యువతీ యువకులారా, బాకీ అన్నామని అది ఊరికే చేతికొస్తుందని కాదు. పొద్దున నాలుగింటికి లేవాల్సింది మీరే. తప్పిన లెక్క మళ్లీ చేయాల్సింది మీరే. శిబిరం పెట్టినవాళ్లకు జీవితాంతం తలవంచాల్సిన పని మాత్రం లేదు. మీరు పడే రుణం ఒక్కటే. మీ వెనక తునికాకు కట్టలు కడుతున్న చెల్లెలికి, తమ్ముడికి వచ్చే వేసవిలో ఒక పాఠం చెప్పడం.

2014 విభజన చట్టంలో మాటిచ్చిన గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో చట్టం వచ్చింది. ములుగులో సమ్మక్క సారక్కల పేరుతో ఆ విశ్వవిద్యాలయం ఏర్పడింది. పేరు మనది, నేల మనది. తరగతి గదిలో కూర్చునేవాళ్లు కూడా మనవాళ్లు కావాలంటే వేసవి చదువు ప్రతి మండలంలో హక్కుగా నడవాలి. అది అడగడానికి మొహమాటం అక్కర్లేదు.