ద్వారమునొద్ద కావలి

జలుబుగలవాని చేయి పట్టుకొని పలుకరించి, అదే చేతితో మన ముక్కు నులుముకొందుము. జలుబులకు ముఖ్యకారణమైన రైనోవైరసు ఆలాగున ముక్కులోనికి చేరును. అక్కడి కణములమీద ఐకామ్-1 అను మాంసకృత్తు కలదు. మనకు సహాయముగా వచ్చు తెల్లకణములు పట్టుకొనునది దానినే. రైనోవైరసులలో అధికభాగము దానినే పట్టుకొని కణములో ప్రవేశించునని 1989లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. లోపల చేరి, ఆ కణముచేతనే తనవంటివాటిని అనేకముగా చేయించుకొనును.

మేలుకొరకైన ద్వారముననే కీడు వచ్చుచున్నది! ద్వారమును తీసివేయలేము, కావలి యుండగలము. మనకది కొన్ని దినముల బాధ. పసిబిడ్డకు, ఉబ్బసరోగికి ఊపిరాడని రాత్రి కావచ్చును. గనుక జలుబున్నప్పుడు సబ్బుతో చేతులు కడుగుకొందము. కూడికలో బిడ్డలను ముద్దాడక దూరమునుండియే దీవింతము. అదియు ప్రేమయే.