ఖాళీ స్థలమనే భ్రమ: విశాఖపట్నం నేపథ్యంలో వాస్తుశిల్ప నైతికత

వాస్తుశిల్పి ముందు పరిచే తొలి కాగితం తెల్లగా ఉంటుంది. దాని మీద స్థలం హద్దులు గీస్తారు, ఉత్తరదిశను గుర్తిస్తారు, కొలతలు వేస్తారు. హద్దుగీతల నడుమ మిగిలిన తెలుపుకు ‘ఖాళీ స్థలం’ అని పేరు. గీసేవారి సౌలభ్యం కోసం పుట్టిన ఈ తెలుపులో ఒక తీర్పు దాగి ఉంది. అక్కడ అంతకుముందు లెక్కలోకి తీసుకోదగినది ఏదీ లేదన్నదే ఆ తీర్పు. కొత్తగా కట్టేవారికి అప్పటికే అక్కడ ఉన్నవారి పట్ల బాధ్యత ఉందా? ఉంటే దానిని మోయవలసినది స్థలయజమానా, ప్రభుత్వమా, గీత గీసిన శిల్పియా? ఈ ప్రశ్నను విశాఖపట్నం వంటి ఊరిలో నిలిపి చూడడం సముచితం. ఒకవైపు సముద్రం, మిగిలిన వైపుల కొండల వరుసలు, నడుమ గిన్నెలాంటి పల్లం. ఉప్పుటేటి చిత్తడినేలను తవ్వి ఓడరేవు కట్టారు. 1933లో అది ప్రారంభమైంది. పొలాల మీద ఉక్కు కర్మాగారం వచ్చింది. కొండవాలులో ఇళ్లు వెలిశాయి. ఈ నగరంలో ఏది కట్టినా మరొకదాని చోటులోనే కట్టవలసి వచ్చింది.

‘వాస్తు’ శబ్దం నేటి వ్యవహారంలో ఎంతగా కుంచించుకుపోయిందో చెప్పనక్కరలేదు. వంటగది ఏ మూల, గుమ్మం ఏ దిక్కు, మెట్లు ఎటు తిరగాలి అన్నంతవరకే దాని పరిధి. తూర్పున పల్లం, నీరు ఉండడం శుభమన్న నమ్మకం విశాఖ స్థిరాస్తి వ్యాపారికి అయాచితంగా కలిసివచ్చింది. సముద్రాన్నే అతడు వాస్తుబలంగా అమ్ముకోగలుగుతున్నాడు. దక్షిణాది శిల్పగ్రంథాలలో పేరెన్నికగన్న ‘మయమతం’ చెప్పే అర్థం ఇంతకంటె విశాలమైనది. మర్త్యులు, అమర్త్యులు ఎక్కడెక్కడ నివసిస్తారో అదంతా వాస్తువే. భూమి, భవనం, యానం, శయనం అని దానికి నాలుగు విధాలు. వీటిలో భూమి ప్రధానమైనది, తక్కిన మూడింటికీ అదే ఆధారం కనుక. అంటే భవనం కంటె ముందే నేల ఒక నివాసం. శిల్పి అక్కడికి రెండవవాడిగానే వస్తాడు.

ఈ భావం ఆ గ్రంథంలో నిర్వచనంతో ఆగిపోలేదు, విధిగా కూడా మారింది. నేలను రంగు, వాసన, రుచులతో పరీక్షించాలి. గుంట తవ్వి, తీసిన మన్నుతోనే తిరిగి పూడ్చి, మన్ను మిగిలితే ఉత్తమమని, తక్కువైతే అధమమని నిర్ణయించాలి. ఆ తరువాత బలి సమర్పించి, అక్కడ వసిస్తున్న భూతాలను, దేవతలను, రాక్షసులను ఆ చోటు విడిచి వేరొకచోట నివాసం ఏర్పరచుకొమ్మని ప్రార్థించాలి. వరాహమిహిరుని ‘బృహత్సంహిత’ చెట్టు కొట్టేముందు ఆ చెట్టునాశ్రయించిన ప్రాణులను ఇట్లాగే వేడుకొమ్మంటుంది. ఆధునికుడు దీనిని మూఢాచారమని పక్కకు నెట్టవచ్చు. కాని ఈ విధి వెనుక ఉన్న ఊహ తోసిపుచ్చదగినది కాదు. ఏ స్థలమూ ఖాళీ కాదు. కట్టేవాడు రాకముందే అక్కడ ఎవరో ఉన్నారు. వారిని చూడకుండా గునపం దించకూడదు.

అయితే ఈ ప్రార్థనను మరీ కీర్తించడం కూడా తగదు. అందులో వేడికోలు ఉంది, కానుక ఉంది, మర్యాద ఉంది. కాదనే అవకాశం మాత్రం లేదు. భూతాలు వెళ్లమని అంటే ఏం చేయాలో ఆ మంత్రం చెప్పదు. ఇల్లు కట్టాలన్న నిర్ణయం అప్పటికే జరిగిపోయింది, మిగిలినది మర్యాదగా పంపించడమే. నిష్క్రమించమని కోరడానికీ సమ్మతి అడగడానికీ నడుమ ఉన్న ఈ దూరమే విశాఖలో ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధమంతా కనిపిస్తుంది.

‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఈ తేదీలు తెలుగు పాఠకులకు సుపరిచితాలు. శంకుస్థాపన రాయి ఎవరి పొలంలో పడిందన్నది అంతగా పరిచితం కాదు. ఇరవై వేల ఎకరాలకు పైగా భూమి సేకరించారు. అరవైకి పైగా గ్రామాలు ప్రభావితమయ్యాయి. నాడు అమలులో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. దానిలో అభ్యంతరం చెప్పుకోవడానికి వీలుంది, నిరాకరించడానికి లేదు. మయమతంలోని ప్రార్థనకూ ఈ చట్టపు నోటీసుకూ ఉన్న పోలిక కేవలం ఆలంకారికం కాదు. రెండూ నివాసిని గుర్తిస్తాయి, రెండూ కానుకనో పరిహారాన్నో ఇస్తాయి, రెండూ జవాబు కోసం ఆగవు. 2013 నాటి చట్టం ప్రైవేటు సంస్థల కోసం సేకరిస్తే 80 శాతం, ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం బాధితుల సమ్మతి కావాలన్నది. ప్రభుత్వం తన సొంత అవసరానికి తీసుకొనేటప్పుడు మాత్రం సమ్మతి ఊసు లేదు.

ఇక్కడ సహజంగా ఒక ఆక్షేపణ వస్తుంది. భూసేకరణ రాజ్యం చేసే పని; దానిని వాస్తుశిల్ప నైతికతలోకి లాగడం దేనికి? వైజాగ్ స్టీల్ కడ్డీ ఈ ఆక్షేపణకు సమాధానం. తెలుగునాట గత మూడు దశాబ్దాలలో వేసిన ఎన్ని స్లాబులలో, ఎన్ని స్తంభాలలో ఆ కడ్డీ ఉందో! సొంత ఇనుపగనులు లేని ఆ కర్మాగారానికి ముడిఖనిజం బైలదిల్లా కొండలనుంచి వస్తుంది. అనగా ఒక మధ్యతరగతి ఇంటి పైకప్పులో బస్తరు కొండ ఉంది, గాజువాక పక్కన పోయిన పొలం ఉంది. హద్దుగీత లోపలి ఖాళీయే ఖాళీ కానప్పుడు, ఆ గీత దాటి వచ్చే సామగ్రి ఏ రుణమూ లేకుండా వస్తుందని ఎట్లా అనుకోగలం? శిల్పి గీసే ప్రతి దూలమూ ఎవరినో కదిలించే ఉంటుంది. కదిలించకుండా కట్టడం మనిషికి సాధ్యం కాదు. సాధ్యమైనదల్లా కదిలినవారిని లెక్కలో ఉంచుకోవడం. ఎంత చిన్నదైనా ఇది వేరే పని.

కదిలినవారికి పెదగంట్యాడ, అగనంపూడి, వడ్లపూడి పరిసరాలలో పునరావాస కాలనీలు వచ్చాయి. ఇంటిస్థలాలు ఇచ్చారు. ఉద్యోగార్హత కోసం ‘ఆర్ కార్డు’లిచ్చారు, ఆ కార్డుల మీది ఉద్యోగాల కోసం వినతులు దశాబ్దాల తరబడి సాగాయి. కర్మాగార ఉద్యోగులకు మాత్రం సెక్టార్లుగా విభజించిన ఉక్కునగరం వెలిసింది. వెడల్పాటి వీధులు, చెట్లు, పాఠశాలలు, ఆసుపత్రి అన్నీ ఆలోచించి కట్టిన ఊరది. ఒకే పథకం రెండు ఊళ్లను పుట్టించింది. ఒకదానికి శిల్పి ఉన్నాడు, రెండవదానికి సర్వేయరు ఉన్నాడు.

దాదాపు ఆ కాలంలోనే ఇండోరులో బాలకృష్ణ దోషీ ‘అరణ్య’ గృహప్రణాళిక రూపొందించారు. పేదవారికి పూర్తి ఇల్లు కట్టి ఇవ్వడానికి డబ్బు చాలదు. అందుచేత అరుగు, మరుగుదొడ్డి, నీటి సౌకర్యం ఉన్న ఒక కేంద్రభాగం మాత్రం ఇచ్చి, మిగిలినది నివాసులే తమ శక్తికొద్దీ పెంచుకొనేట్లు వదిలారు. 1995లో దానికి ఆగాఖాన్ పురస్కారం లభించింది. 2018లో దోషీని ప్రిట్జ్‌కర్ బహుమతి వరించింది. పైపైన చూస్తే అరణ్యలోనూ అసంపూర్ణత ఉంది, పునరావాస కాలనీలోనూ అసంపూర్ణతే ఉంది. రెండుచోట్లా మనిషి తన ఇల్లు తానే కట్టుకున్నాడు. తేడా అంతా ఆ అసంపూర్ణత ఎవరి ఆలోచనలోంచి వచ్చిందన్నదే. దోషీ వీధి మలుపులను, అరుగులు ఎదురెదురుగా పడే తీరును, భిన్న ఆదాయాలవారు ఇరుగుపొరుగయ్యే విధానాన్ని ముందే ఊహించి, ఆపైన చేయి వెనక్కు తీసుకున్నారు. రానున్నవారి కోసం చోటు విడిచిపెట్టడం అంటే ఇది. ప్లాటు నంబరు ఇచ్చి ఊరుకోవడం దీనికి సమానం కాదు. దోషీ తన సంస్థకు ‘వాస్తుశిల్ప’ అనే పేరు పెట్టుకోవడం ఇక్కడ గుర్తుకు రాక మానదు.

తెలుగు నేలమీద ఈ తరం శిల్పుల ముద్ర లేకపోలేదు. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఉద్యోగుల టౌన్‌షిప్ దోషీది. అదే సంస్థ కార్యాలయభవనం చార్లెస్ కొరియాది. రెండూ 1960లలో మొదలైనవే. భవనపు ఆకారంతోనే, నీడతోనే చల్లదనం సాధించాలన్నది కొరియా ప్రయత్నం. రూపాన్ని వాతావరణం నిర్ణయించాలన్నది ఆయన జీవితాంతం పట్టుకున్న సూత్రం. కేరళలో లారీ బేకర్ తన చుట్టుపక్కల దొరికే ఇటుక, సున్నం, కర్రలతో కట్టడాన్ని నియమంగా పెట్టుకున్నారు. ఇంటికి కావలసినవన్నీ అయిదు మైళ్లలోపలివై ఉండాలన్న గాంధీజీ మాట ఆయనకు దారి చూపింది. వీరి దారులు వేరు. కాని స్థలంలో అప్పటికే ఉన్న ఎండ, గాలి, మన్ను, మనుషులను ముందుగా చూడడం ముగ్గురిలోనూ కనిపిస్తుంది.

చూడకపోతే ఏమవుతుందో విశాఖకు 2014 అక్టోబరు 12న తెలిసింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో హుద్‌హుద్ తుపాను తీరం దాటింది. విమానాశ్రయ టెర్మినల్ పైకప్పు దెబ్బతిని కొన్నాళ్లు రాకపోకలు నిలిచిపోయాయి. నగరంలో అద్దాలు తొడిగిన ముఖభాగాలు పగిలి వీధిలో కురిశాయి. బంగాళాఖాతపు గాలి ఈ తీరానికి కొత్తగా వచ్చిన అతిథి కాదు, ఏ పట్టాదారు కంటెనూ పాత నివాసి. ఎక్కడో పొడిగాలి దేశంలో నచ్చిన గాజుగోడను ఇక్కడ నిలబెట్టినవారు ఆ నివాసిని లెక్కించలేదు. పగిలిన అద్దం ఎవరి మీద పడిందన్నది మరింత ముఖ్యం. ఆ భవనాన్ని కట్టించుకున్నవాడి మీద కాదు, దారిన పోయేవాడి మీద పడే అవకాశమే ఎక్కువ. నైతిక ప్రశ్న సౌందర్యప్రశ్ననుంచి విడివడేది ఈ బిందువు దగ్గరే.

శిల్పికి ఇంత భారం మోపడం న్యాయమా అని అడగవచ్చు. అతడు జీతానికో రుసుముకో పనిచేసేవాడు. తాను కాదంటే మరొకడు గీస్తాడు. ఈ వాదంలో నిజముంది. 1972 వాస్తుశిల్పుల చట్టం ‘ఆర్కిటెక్ట్’ అన్న బిరుదును రక్షిస్తుందే గాని భవనరచన వృత్తిని కాదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బిరుదు వాడుకోనంతవరకు ఎవరైనా గీయవచ్చు. విశాఖ వీధుల్లో ఇళ్లను చూసినవారికి ఈ తీర్పు ఆశ్చర్యం కలిగించదు. అయినా 1989 నాటి వృత్తిప్రవర్తన నిబంధనలు శిల్పి విధుల్లో మొదటిదిగా పేర్కొన్నది యజమాని ప్రయోజనాన్ని కాదు, పరిసరాల నాణ్యతనూ సమాజపు భావి సంక్షేమాన్నీ. యజమాని ప్రసక్తి ఆ తరువాతిదే. ఈ వరుసక్రమం యాదృచ్ఛికం కాదనుకుంటే, తాను కాదంటే మరొకడు గీస్తాడన్నది ఆర్థికసత్యమే గాని నైతికసమాధానం కాజాలదు. ఇతరుడు చేయబోయే తప్పు తన తప్పును చెరిపివేయదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వాస్తుశిల్పం చదివే విద్యార్థి స్థలపరిశీలన పాఠంలో వాలు, నేల, గాలి దిశ నమోదు చేస్తాడు. అదే పట్టికలో ‘ఇక్కడ ఇంతకుముందు ఎవరున్నారు, ఇప్పుడెక్కడున్నారు’ అన్న ఒక గడి చేరితే చదువు ఏమీ బరువెక్కదు.

రుషికొండ మీద 2021లో పాత హరిత విశ్రాంతి గృహాలను తొలగించి కొత్త నిర్మాణం చేపట్టినప్పుడు కొండ తవ్వకం మీద వివాదం సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. 2024లో తలుపులు తెరిచాక చర్చ వ్యయం మీదికి, స్నానపుతొట్ల మీదికి మళ్లింది. ప్రజాధనం గురించి అడగవలసిందే. కాని ఆ భవనం నిరాడంబరంగా ఉండి ఉంటే కొండ తవ్వకం సమ్మతమయ్యేదా? ఈ ప్రశ్న ఏ పక్షానికీ అక్కరకు రాలేదు. ఆడంబరం మీది కోపం అట్లా కొండను రెండవసారి ఖాళీ స్థలం చేసింది.

అదే తీరంలో, రుషికొండకు ఉత్తరాన తొట్లకొండ ఉంది. నౌకాదళ స్థావరం కోసం 1976లో జరిపిన విమాన సర్వేలో ఆ కొండమీద కట్టడాల ఆనవాళ్లు బయటపడ్డాయి. తరువాతి తవ్వకాలలో రెండువేల ఏళ్లనాటి బౌద్ధవిహారం వెలుగుచూసింది. ఆ కొండలలోని ఖొండలైటు రాయినే పేర్చి స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు కట్టారు. ఊట లేని ఎత్తులో వాననీరు నిలిచేందుకు బండను తొలిచి తొట్లు చేశారు. కొండకు పేరు వాటినుంచే వచ్చింది. విమానంలోంచి చూడబోయినవారు వెతికినది ఒక ఖాళీ కొండ. వానపడిన ఏడాది ఆ తొట్లలో ఇప్పటికీ నీళ్లు నిలుస్తాయి.