గురుద్వారము: స్థావరమా, జంగమమా?

పరమాత్మ సర్వవ్యాపి యని అంగీకరించినవారికి తీర్థయాత్రతో పని యేమి అను ప్రశ్న క్రొత్తది కాదు. దేహమునే దేవాలయముగ భావించి, ఇష్టలింగమును అంగమున ధరించి, కట్టిన గుడికంటె కదలాడు భక్తునకు పెద్దపీట వేసిన బసవాది ప్రమథుల మార్గమున ఈ ప్రశ్న మరింత తీవ్రముగ నిలుచుచున్నది. రాతితో కట్టినది ఒకనాడు కూలును, చైతన్యమునకు కూలుట లేదు అనునది స్థావర జంగమ వివేకము. ఐనను శ్రీశైలమునకు, కూడలసంగమమునకు, కల్యాణమునకు యాత్రికులు పోవుచునే యున్నారు. పోరాదని చెప్పువారు అరుదు. పోవుట దేనికని తరచి చూచువారు అంతకంటె అరుదు.

విగ్రహారాధనను, అవతారవాదమును త్రోసిపుచ్చి నిరాకారుని నామస్మరణమునే శరణ్యముగ నెంచిన సిక్కు మతమునకును ఇదే ప్రశ్న ఎదురైనది. తీర్థస్నానములవలన మనోమాలిన్యము పోదని బోధించిన గురునానకు (1469–1539) పేరనే దేశమంతట తీర్థములు వెలసినవి. దీనిని వైరుధ్యమని కొట్టివేయుట సులభము. కాని ఆ స్థలముల చరిత్రను, అచ్చటి ఆచారములను దగ్గరగ పరిశీలించినచో స్థలమునకును ధర్మమునకును గల సంబంధము కొంత తేటపడును. అట్టి స్థలములలో రెండు, బీదరు, నాందేడు, తెలుగువారికి దూరమైనవి కావు. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు ఆ రెండును హైదరాబాదు రాష్ట్రములోనివే. బసవేశ్వరుని కర్మభూమియైన కల్యాణము బీదరు జిల్లాలోనిదే యగుట మరియొక విశేషము.

అచ్చటికి పోవుటకు ముందు నెల్లూరు తీరమును ఒకమారు చూడవలెను. సముద్రపు ఒడ్డున నివసించువారికి స్థావరముల అస్థిరత్వము గ్రంథములవలన తెలియవలసిన విషయము కాదు. దుగరాజపట్టణమున ఆంగ్లేయులు 1626 ప్రాంతమున వర్తకశాల నెలకొల్పి, కోట కట్టి, ఫిరంగులు నిలిపిరి. ఇరువదియేండ్లైనను గడువకమునుపే దానిని విడిచి చెన్నపట్టణము చేరిరి. ఆ కోటను నేడు తలచువారు చరిత్రకారులు మాత్రమే. అదే సీమలో, నెల్లూరు పట్టణమున స్వర్ణాల చెరువు గట్టున బారాషహీదు దర్గా కలదు. మొహర్రము మాసమున అచ్చట జరుగు రొట్టెల పండుగకు మతభేదము లేక జనము తరలివత్తురు. కోరిక తీరినవారు చెరువు నీటిలో నిలిచి రొట్టె నిత్తురు. కోరిక గలవారు దానిని పుచ్చుకొందురు. చదువు రొట్టె, పెండ్లి రొట్టె, సంతానపు రొట్టె అని వానికి పేర్లు. పుచ్చుకొన్నవారు కోరిక తీరిన పిదప ఇచ్చువారై మరల రావలెను. కోరికలు తీరుటలోని నిజానిజములు అటుండనిండు. కోట పోయినది, రొట్టె మిగిలినది. రాతి బలముచే నిలుచునది వేరు, చేతులు మారుటచే నిలుచునది వేరు. గురుద్వారముల కథను చదువుటకు ఈ భేదము అక్కరకు వచ్చును.

సిక్కు సంప్రదాయము ప్రకారము గురునానకు తన దక్షిణయాత్రలో, పదునారవ శతాబ్ది ఆరంభమున, బీదరునకు వచ్చెను. అచ్చట మంచినీటికి కటకటగ నుండెను. త్రవ్విన బావులలో ఉప్పునీరే పడుచుండెను. జనులు మొరపెట్టుకొనగా ఆయన చరియనున్న రాతిని తొలగించెననియు, దాని క్రిందినుండి తీయని ఊట వెలువడెననియు చెప్పుదురు. ఆ ఊటయే నానక్ ఝరా. ఇప్పటి గురుద్వారమును 1948లో కట్టిరి. ఊటనీరు అమృతకుండమున చేరును. యాత్రికులు దానిని త్రాగి, పాత్రలలో ఇండ్లకు గొనిపోవుదురు.

బీదరు పీఠభూమి లాటరైటు అను చిల్లుల ఎర్రరాతితో ఏర్పడినది. వాననీరు దానిలో ఇంకి, అడుగునున్న నల్లరాతి పొరవద్ద ఆగి, చరియలనుండి ఊటలుగ బయటపడును. అదే పట్టణమున నరసింహ ఝరా గుహలో భక్తులు లోతైన నీటిలో నడచిపోయి స్వామిని దర్శింతురు. పాపనాశమున శివాలయము చెంత మరియొక ఊట కలదు. నేల అడుగున సొరంగములు త్రవ్వి నీరు పారించిన పాతకాలపు పనితనము కూడ ఆ ఊరి పొలిమేరలో చూడవచ్చును. ఈ భూశాస్త్రము తెలిసినచో మహిమ తరిగిపోవునని వెరచువారు కలరు. ఆ భయము అనవసరము. నానకు రాకను గూర్చి ఆ ఊరు ఏమి జ్ఞాపకముంచుకొన్నదో అదియే గమనింపదగినది. వాదమున గెలుచుట కాదు, రాజును లొంగదీయుట కాదు. దప్పికగొన్నవారికి నీరు దొరకుట. ఒక్కొక కులమునకు ఒక్కొక బావియున్న దేశమున, ఎవరు ముట్టినను మైలపడని ఊట యొకటి ఉన్నదని చెప్పుకొనుట చిన్న మాట కాదు.

బీదరు పేరు సిక్కు చరిత్రలో మరల 1699లో వినవచ్చును. ఆ యేటి వైశాఖి నాడు ఆనందపురమున గురుగోవిందసింహుడు తల నిచ్చువారెవరని అడుగగా ఐదుగురు ముందుకు వచ్చిరి. లాహోరు ఖత్రి దయారాం, హస్తినాపురపు జాటు ధరందాస్, పూరీనుండి వచ్చిన నీరుమోయు హిమ్మత్, ద్వారకకు చెందిన అద్దకపు పనివాడు మొహకంచంద్, ఐదవవాడు బీదరు మంగలి సాహిబ్‌చంద్. వారికి ఒకే పాత్రలోని అమృతమునిచ్చి, పిదప గురువే వారి చేతి అమృతమును స్వీకరించెను. సాహిబ్‌సింగుగ మారిన ఆ బీదరు వాడు తరువాత చమకౌరు యుద్ధమున ప్రాణము విడిచెను.

ఈ కథ విన్న వీరశైవునకు బసవేశ్వరుని ఆంతరంగికుడైన హడపద అప్పణ్ణ తలపునకు రాకపోడు. పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివిన తెలుగువారికి మడివాలు మాచయ్య, కుమ్మరి గుండయ్య మెదలుదురు. కల్యాణమునకు బీదరునకు నడుమ దూరము సుమారు ఎనుబది కిలోమీటర్లు. కాలమున ఐదువందల యేండ్లకు పైబడిన యెడము. శరణుల బోధయే ఆ మంగలి ఇంటికి చేరియుండునని వ్రాయుటకు కొందరి కలములు ఉబలాటపడును. ఆధారము లేని చుట్టరికమును కల్పించుట ఇరువురకును గౌరవము కాదు. ఒకే వ్యాధికి ఇరువురు వైద్యులు వేరువేరుగ ఒకే మందును కనుగొనవచ్చును.

నాందేడు కథ వేరొక తీరు. 1708లో గురుగోవిందసింహుడు గోదావరి ఒడ్డునకు చేరెను. వైరాగియై యచ్చట నివసించుచుండిన మాధోదాసు ఆయనకు శిష్యుడై బందాసింగుగ పంజాబునకు మరలెను. హంతకుని కత్తిపోటునకు గురియైన గురువు అక్టోబరు 7న దేహము చాలించెను. అంతకు ముందు, తన తరువాత దేహధారియైన గురువు లేడనియు, గ్రంథమే గురువనియు నిర్ణయించెను. హుజూర్ సాహిబు అని పిలువబడు ఆ స్థలము సిక్కుల ఐదు తఖ్తులలో ఒకటి. అచ్చటి మందిరమును 1832–1837 నడుమ మహారాజా రంజిత్‌సింగు కట్టించెను. ఆయన మాత్రము ఎన్నడును నాందేడును చూడలేదు. నిజాము కొలువునకు ఆ కాలముననే వచ్చిన సిక్కు సైనికుల సంతతివారు హైదరాబాదున అత్తాపురము బరంబాల ప్రాంతమున స్థిరపడి దక్కనీ, తెలుగు మాటలాడుచున్నారు. 1956లో ఈ మందిర నిర్వహణకై హైదరాబాదు శాసనసభ ప్రత్యేక చట్టము చేసెను.

పంజాబున కానరాని కొన్ని ఆచారములు హుజూర్ సాహిబున నిలిచియున్నవి. తెల్లవారకముందే ఒక సేవకుడు గోదావరికి పోయి కడవతో నీరు తెచ్చును. ఆ నీటితో గర్భగృహమును కడుగుదురు. గురువు ఆయుధములను భద్రపరచి పూజ్యభావముతో చూపుదురు. సాయంకాలము దీపములతో హారతి జరుగును. ఇవి విగ్రహపూజకు దగ్గరి చాయలని పంజాబు సంస్కర్తలలో కొందరు ఆక్షేపించిరి; తరతరాల వాడుకయని దక్కను సిక్కులు బదులు చెప్పిరి. ఈ వాదములో న్యాయము రెండు వైపుల కొంత కలదు. ఆశ్చర్యము కలిగించునది మరియొకటి. గురుత్వము ఇక ఏ దేహమునకును, ఏ స్థలమునకును చెందదని ప్రకటింపబడిన చోటే మహాక్షేత్రమైనది. స్థావరమును కాదన్న మాటను జ్ఞాపకముంచుకొనుటకే స్థావరము కావలసి వచ్చినది.

పంజాబున తొలినాళ్ళలో ఈ స్థలములకు గురుద్వారమను పేరు లేదు, ధర్మశాల యనిరి. బాటసారికి నీడ, అన్నము, నామసంకీర్తనము, మూడును దొరకు చోటు అది. మూడవ గురువు అమరదాసు తనను చూడవచ్చినవారు ముందుగ పంక్తిలో కూర్చుండి భుజింపవలెనని నియమము చేసెను. అక్బరు చక్రవర్తియు ఆ నియమమును పాటించెనని ఐతిహ్యము. వారు పంగత్ అనునది సంస్కృత పంక్తి శబ్దమే. తెలుగున ఆ శబ్దమునుండియే పంక్తిభేదము, పంక్తిబాహ్యుడు అను మాటలు పుట్టినవి. ఒక భాషలో మనుష్యుని వెలివేయుటకు పనికివచ్చిన పదమే మరియొక చోట వెలిని రద్దు చేయుటకు పనికివచ్చినది. శరణుల దాసోహము కూడ అన్నదానము మాత్రమే కాదు. కాయకముచే ఆర్జించినదానిని నాది యను భావము విడిచి సమర్పించుట అది. కష్టార్జితమును పంచుకొని తినుమను నానకు బోధకు ఇది మిక్కిలి దగ్గర.

ఐతే పంక్తి ఎంతవరకు సాగును? ఇదియే అసలు ప్రశ్న. ఒక పూట ప్రక్కప్రక్కన కూర్చుండి తిని, చేయి కడుగుకొని, ఎవరి కులమునకు వారు మరలుట కష్టమేమియు కాదు. పంజాబు పల్లెలలో దళితులకు వేరు గురుద్వారములు, వేరు శ్మశానములు ఉన్న సంగతి బహిరంగమే. వీరశైవులలోను ఉపకులముల నడుమ పెండ్లి మాటలు వచ్చినపుడు లింగధారణము చాలక పోవుచున్నది. కల్యాణమున హరళయ్య కుమారునకు మధువరసు కుమార్తెనిచ్చి వివాహము చేసినందులకు వారి తండ్రులను బిజ్జలుడు ఘోరముగ దండించెనని శరణుల చరిత్ర. పంక్తిభోజనమునకు రాజు కోపింపలేదు, పెండ్లికి కోపించెను. పుణ్యస్థలము ఇంటిలో చేయవలసిన పనికి బదులుగ మారునేమో యను అనుమానము ఇచ్చటనే పుట్టును. వారమునకొక పూట సమత్వమును రుచిచూచి, తక్కిన దినములలో దాని ఊసెత్తనివానికి గురుద్వారమైనను, మఠమైనను ఒక ఊరట మాత్రమే యగును.

ఈ అనుమానమునకు పూర్తి సమాధానము లేదు. కాని స్థలము కావలెననువారి పక్షమున చెప్పదగిన సంగతి యొకటి అమృతసరమున జరిగినది. 1604లో గురు అర్జునుడు స్వర్ణమందిరమున ప్రతిష్ఠించిన గ్రంథమున గురువుల వాక్కులతోపాటు నేతపనివాడు కబీరు, చెప్పులుకుట్టు రవిదాసు, మంగలి సైను, మహారాష్ట్రమునకు చెందిన నామదేవుడు రచించిన పదములును చేరినవి. మూడు శతాబ్దులు గడచునప్పటికి ఆ మందిరమును మహంతులు, పూజారులు తమ సొత్తుగ భావింపసాగిరి. 1920 అక్టోబరు 12న, అంటరానివారని పేరుబడిన కులములనుండి క్రొత్తగ ఖాల్సాలో చేరినవారు కడాహ్ ప్రసాదమును తెచ్చిరి. పూజారులు దానిని పుచ్చుకొనుటకు, వారి కొరకు ప్రార్థన చేయుటకు నిరాకరించిరి. వాదము ముదిరినది. వచ్చినవారు క్రొత్త మందిరము కట్టుకొందుమని వెనుకకు పోలేదు. గ్రంథమును తెరచి చూడుమని కోరిరి. పూజారులును కాదనలేకపోయిరి, ఏలనన వారు కాపాడుచున్నామని చెప్పుకొనునది ఆ గ్రంథమునే. తెరచిన పుటలోని మాట వచ్చినవారికే అనుకూలమైనది. ప్రసాదము స్వీకరింపబడెను, అందరకును పంచబడెను.

అటుపిమ్మట ఆ జనము ఎదుటనున్న అకాల్ తఖ్తునకు నడచిరి. వారి రాకను విని అచ్చటి పూజారులు అప్పటికే పీఠము విడిచి వెళ్ళియుండిరి. గురుద్వార సంస్కరణోద్యమము 1921 ఫిబ్రవరిలో నన్‌కానా సాహిబున మహంతు మనుష్యుల చేతిలో పలువురు యాత్రికుల ప్రాణములు గొన్నది. 1925లో గురుద్వారముల చట్టము వచ్చువరకు ఆగలేదు. నేటికిని స్వర్ణమందిరమున తెల్లవారుజామున గ్రంథమును తెరచినపుడు ఏ పుట వచ్చిన ఆ పుటనే చదువుదురు. అది గురువు మాట కావచ్చును, రవిదాసు మాటయు కావచ్చును.