మత్తు – నేరము – చెర: శరణమార్గమేది?

ఓం శ్రీ గురుబసవలింగాయ నమః



వీరశైవునకు దేహము కేవలము మాంసపిండము కాదు. దీక్షాకాలమున గురుదేవుడు కరతలమున నుంచిన ఇష్టలింగమునకు ఆ దేహమే పీఠము. అందుచేతనే నోటికి అందు అన్నమును, చేతితో ఆర్జించు ధనమును లింగార్పితము చేసి ప్రసాదముగా స్వీకరింపవలెనని శరణులు బోధించిరి. లింగమునకు అర్పింపదగనిది మనము అనుభవింపదగనిది. ఈ కొలత చాలును. గంజాయి మొదలగు మత్తుపదార్థములు మన ఆచారమునకు ఎంత దూరమో వేరుగా చెప్పనక్కరలేదు. కొందరు శివుని పేరు చెప్పి గంజాయి పీల్తురు. శివుడు విషమును మ్రింగినది లోకమును కాపాడుటకు. వీరు పొగను మ్రింగునది లోకమును మరచుటకు. ఈ రెండింటికిని పోలిక లేదు.

కాని నేడు నేను చెప్పదలచినది మత్తు తప్పని కాదు. అది మీరెరిగినదే. అందులో పడినవానిని మనమేమి చేయవలెనన్నదే ప్రశ్న.

ఒక శివరాత్రి జాగరణమునాడు ఒక తల్లి నా చెంతకు వచ్చి, కొంగుతో కన్నులొత్తుకొనుచు ఇట్లడిగినది: "అయ్యగారూ, నా కొడుకు వెండి లింగకాయ అమ్ముకొని గంజాయి తాగినాడు. ఇప్పుడు జైలులో ఉన్నాడు. లింగాన్ని మాత్రం తెల్లగుడ్డలో చుట్టి దేవుని గూట్లో పెట్టి పోయినాడు. శివుడు నా బిడ్డను వదిలేసినట్టేనా?" నాకు వెంటనే సమాధానము తోచలేదు.

ఆ బాలుని కథ నేడు అనేక గృహముల కథ. మొదట స్నేహితులతో సరదా. పిదప అది లేనిదే నిద్ర పట్టదు, అన్నము సహింపదు, ఊరక కోపము వచ్చును. చేతిలో డబ్బు చాలక ఇంటి వస్తువులు మాయమగును. అప్పు పెరిగిన తరువాత సరకు అమ్మువాడు, "ఈ సంచి ఫలానా ఊరిలో ఇచ్చి రా, నీ బాకీ తీరిపోవును" అనును. ఆ సంచితోనే వాడు పట్టుబడును. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండలనుండి హైదరాబాదు మీదుగా మహారాష్ట్రకు తరలు గంజాయి జహీరాబాదు దారిలో పలుమార్లు పట్టుబడినది. ఆ దారియే ముందుకు సాగి బసవేశ్వరుని కల్యాణమునకు చేరువగా పోవునన్న సంగతి తలచినప్పుడు నా మనస్సు కలతపడును.

న్యాయముగా ఒక మాట చెప్పవలెను. మత్తు వాడిన ప్రతివాడును దొంగ కాడు. 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారము దేశమున గంజాయి, భంగు మొదలగువాటిని వాడువారు సుమారు 3.1 కోట్లమంది. వీరందరును నేరస్థులు కారు. అయినను మత్తునుండి నేరమునకు మూడు త్రోవలు గలవు. డబ్బుకొరకు దొంగిలించుట ఒకటి. మైకమున ఒడలెరుగక కొట్టుటయో, బండి నడిపి ప్రాణములు తీయుటయో రెండవది. ఆ వ్యాపారములోనే కూలిగా చేరుట మూడవది. మన బిడ్డలు ఎక్కువ తెలియక పోవునది ఈ మూడవ త్రోవలోనే.

చట్టమేమనుచున్నదో తల్లిదండ్రులు తెలిసికొనుట మంచిది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము గంజాయి తూకమునుబట్టి శిక్షను నిర్ణయించును. ఒక కిలోలోపు దొరికినచో ఏడాదివరకు ఖైదు, లేదా పదివేలవరకు జరిమానా, లేదా రెండును. తూకము 20 కిలోలు మించినచో కనీసము పదేండ్లు, గరిష్ఠము ఇరువదియేండ్లు కఠిన శిక్ష. లక్షకు తక్కువకాని జరిమానా. అప్పుడు బెయిలు దొరకుటయు మిక్కిలి కష్టము. సంచి మోసినందుకు వానికి ముట్టినది నాలుగువేలా, ఐదువేలా అని ఆ తూకము అడుగదు.

అయితే అదే చట్టములో దయకును చోటు గలదు. కొద్దిమొత్తముతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపుగల ఆసుపత్రిలో చికిత్స కోరి, దానిని పూర్తి చేసినచో 64-ఎ విభాగము వానిని విచారణనుండి తప్పించును. నేరము రుజువైన పిదప కూడ, శిక్షకు మారుగా చికిత్సకు పంపు అధికారము 39వ విభాగము న్యాయస్థానమునకు ఇచ్చినది. ఈ తలుపులున్నవని మనలో ఎందరికి తెలియును? సిగ్గుచేత విషయమును దాచి, దాచి, సంచి బరువెక్కిన తరువాత వకీలు ఇంటికి పరుగిడుచున్నాము.

చెర వ్యసనమును మాన్పునా? గోడ మనిషిని ఆపగలదు, కోరికను ఆపలేదు. 2022 చివర దేశపు జైళ్ళలోని వారిలో నూటికి సుమారు 76 మంది విచారణ ముగియని ఖైదీలే. చిన్న తప్పుతో పోయిన కుర్రవాడు అచ్చట పెద్ద నేరస్థుల సాంగత్యమున నెలలు గడుపును. విడుదలై వచ్చునప్పటికి పని పోయినది, పెండ్లి సంబంధము తప్పినది, పలుకరించువాడు లేడు. మరల పాత స్నేహితుడే ఎదురై "రా" అనును. హెరాయిను వంటి నల్లమందు జాతి మత్తుకు అలవడినవానికి మరియొక ప్రమాదము గలదు. చెరలో ఉన్నంతకాలము దేహము తట్టుకొను శక్తి తగ్గును. బయటికి వచ్చి పూర్వపు మోతాదే తీసికొన్నచో ప్రాణమే పోవును. విడుదలైన తొలి వారములే మిక్కిలి అపాయకరములు. సంఘము కాచుకొనవలసినదియు ఆ వారములలోనే.

ఇచ్చట ఉరిలింగపెద్ది చరిత్రను స్మరింతము. పెద్దన్న దొంగ. ఒక గృహమున దొంగిలింపబోయి, ఉరిలింగదేవుడు అచ్చట ఒక భక్తునకు దీక్ష ఇచ్చుటను చాటుగా చూచెనని సంప్రదాయము చెప్పుచున్నది. చూచినది వాని హృదయమున నాటుకొనెను. దొంగతనము మాని, దినదినము కట్టెలమోపు తెచ్చి గురువు వాకిట వేయుట కాయకముగా చేసికొనెను. దీక్ష వెంటనే లభింపలేదు. వాని పుట్టుకయు అడ్డుగా నిలిచెను. అయినను మోపు మానలేదు. తుదకు ఆ గురువునకే ప్రియశిష్యుడై, ఆ మఠమునకే అధిపతియయ్యెను. గమనింపుడు: వానిని మార్చినది ఒక్క క్షణపు దర్శనము కావచ్చును, నిలబెట్టినది మాత్రము ప్రతిదినము మోసిన కట్టెలమోపు. నాడు ఆ మఠము వాని పూర్వచరిత్ర చూపి తలుపు మూసియున్నచో నేడు మనకొక శరణుడు తక్కువయ్యెడివాడు.

కావున మన కర్తవ్యములు మూడు. మొదటిది సదాచారము. బిడ్డ చేతికి డబ్బు ఎచ్చటనుండి వచ్చుచున్నదో, ఎచ్చటికి పోవుచున్నదో అడుగుడు. మార్పు కనబడినచో కొట్టకుడు, దాచకుడు. వైద్యుని చెంతకు కొనిపొండు. 14446 అను జాతీయ ఉచిత టెలిఫోను సంఖ్యకు ఎవరైనను మాటాడవచ్చును. రెండవది గణాచారము. సంఘమును కాపాడుట అనగా సంఘపు పరువును కాపాడుట మాత్రము కాదు, పడినవానిని లేవనెత్తుట. మూడవది భృత్యాచారము. చెరనుండి వచ్చినవానికి ఉపన్యాసముకన్న ముందు ఒక కాయకము చూపుడు. అంగడి గల శరణుడు అంగడిలో, పొలము గల శరణుడు పొలములో ఇంత పని ఇచ్చుటయే వానికి నిజమైన దాసోహము.

ఆ తల్లికి నేను తుదకు ఇట్లు చెప్పితిని: "అమ్మా, వెండిని అమ్మిన చేతులే లింగమును గుడ్డలో చుట్టి భద్రపరచినవి. మత్తులో మునిగినను వాడు దేనిని అమ్మరాదో మరువలేదు. శివుడు వానిని వదలలేదు. ఆ గూటిలో వానికొరకు కాచుకొనియున్నాడు. వాడు విడుదలయగునాడు నీవు జైలు వాకిట నిలువుము. నీతోడ మనవారు నలుగురు నిలుతురు."

ఆ నలుగురెవరో నేను చెప్పలేదు. ఈ మాటలు చదువు మీరే చెప్పవలెను.

శరణు శరణార్థి.