తలరాత అనే సాకు



సత్యాన్ని నిజాయితీగా వెదికే మనిషి సాటి మనిషికి అన్యాయం చేయగలడా? చేయగలడు. అమెరికా న్యాయవాది పీటర్ బర్నెట్ జీవితం చదివితే ఆ సంగతి తెలుస్తుంది.

బర్నెట్ 1807లో నాష్‌విల్‌లో జన్మించాడు. మిస్సోరీలో సొంతంగా చదువుకొని న్యాయవాది అయ్యాడు. అప్పులు మీద పడడంతో 1843లో భార్యాబిడ్డలతో బండ్ల బిడారులో పడమటి అంచునున్న ఆరెగాన్ చేరాడు. అప్పటికి అతడు ప్రొటెస్టెంటు. ఆ మరుసటి ఏడు ఒక పుస్తకం చేతికొచ్చింది. కతోలిక పీఠాధిపతి పర్సెల్‌కూ, క్యాంప్‌బెల్ అనే ప్రొటెస్టెంటు బోధకునికీ 1837లో సిన్సినాటిలో జరిగిన వాదమది. క్యాంప్‌బెల్ తన పక్షంవాడే అయినా, బర్నెట్ న్యాయస్థానంలో సాక్ష్యాలను తూచినట్లు ఇరుపక్షాల మాటలనూ తూచాడు. 1846లో శ్రీసభలో చేరాడు. తాను నడిచివచ్చిన ఆ దారిని వివరిస్తూ 1860లో ఒక గ్రంథం కూడా ప్రచురించాడు. ఇంత ఓపికగా సత్యాన్ని శోధించినవారు అరుదు.

ఇక రెండవ వైపు చూడండి. ఆ పుస్తకం చదివిన 1844లోనే అతడు ఆరెగాన్ శాసనసభలో ఒక చట్టం చేయించాడు. నల్లజాతివారు గడువులోగా ఆ ప్రాంతం విడిచిపోవాలి. పోనివారికి 20 నుండి 39 కొరడా దెబ్బలు. ఆ శిక్ష అమలుకు రాకముందే దాన్ని మార్చారు, మరుసటి ఏడు చట్టాన్నే రద్దు చేశారు.

అది జ్ఞానోదయానికి ముందు మాట అందామా? 1849 చివర అతడు కాలిఫోర్నియా తొలి గవర్నరు అయ్యాడు. 1850లో అతని సంతకంతో ఒక చట్టం వచ్చింది. పనిలేక తిరుగుతున్నాడన్న నేరం మోపి మూలవాసిని వేలంలో కూలికి అప్పగించవచ్చు. మూలవాసి సాక్ష్యం మీద తెల్లవానికి శిక్ష వేయరాదు. 1851 జనవరిలో శాసనసభకు పంపిన సందేశంలో, మూలవాసులు అంతరించేవరకూ ఈ పోరు సాగుతుందనీ, అది బాధాకరమే అయినా దాన్ని ఆపడం మానవశక్తికి మించినదనీ వ్రాశాడు.

ఈ మాటను గమనించండి. అతనిలో జాలి లేకపోలేదు. కానీ చట్టం మీద సంతకం పెట్టిన చేయి, సైనిక దళాలను పంపిన చేయి అతనిదే. తన చేతిలో ఉన్నదాన్ని ‘తలరాత’ అన్నాడు. పిలాతు కూడా గవర్నరే. అతడూ నీళ్ళు తెప్పించుకొని చేతులు కడుక్కున్నాడు.

మనస్సాక్షి తప్పుదారి పట్టవచ్చునని పునీత తోమాసు అక్వినాసు ఒప్పుకున్నారు. అయితే తెలుసుకోవలసినదాన్ని అశ్రద్ధవల్ల తెలుసుకోకపోతే, ఆ అజ్ఞానం మనలను నిర్దోషులను చేయదని కూడా ఆయన బోధించారు. తన ఆత్మరక్షణ విషయంలో బర్నెట్ ఏ సాకునూ అంగీకరించలేదు, చివరి సాక్ష్యం దాకా వెదికాడు. పొరుగువాని ప్రాణం దగ్గర మాత్రం విచారణ మొదలుకాకముందే తీర్పు వ్రాసేశాడు.

కాలిఫోర్నియాలో 1848 నాటికి సుమారు లక్షన్నర మంది ఉన్న మూలవాసులు 1870 నాటికి ముప్పై వేలకు తగ్గారని చరిత్రకారుల అంచనా. 2019లో ఆ రాష్ట్ర గవర్నరు వారికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. తలరాతకు ఎవరూ క్షమాపణ చెప్పరు. మనుషులు చేసినదానికే చెబుతారు.

బర్నెట్ ఆత్మకు తీర్పు చెప్పవలసింది దేవుడే. మన ఆత్మశోధన మాత్రం మన పని. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక ఒక్క ప్రశ్న వేసుకుందాం. కూలివాని కూలి, పనిమనిషి బాధ, కులం పేరిట పొరుగువారికి జరిగే అవమానం ప్రస్తావనకు వచ్చినప్పుడు, “మన చేతుల్లో ఏముంది, లోకం తీరే అంత” అని ఎన్నిసార్లు అన్నాం? అన్న ప్రతిసారీ మన చేతుల్లో నిజంగా ఏముండిందో చూద్దాం.